కోదండం పోయినా పోని లెక్కల భయం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గొలుసు తూకం వేశాక తరుగు ఎంత శాతం, మజూరీ ఎంత, పాత బంగారం కింద పోయేదెంత అన్నవి కూడి తీసి చివరికి చెల్లించాల్సింది ఎంతో అంగడివాడు కాగితం తీసేలోపే కొనేవాళ్లు ఒక అంచనాకు వస్తారు. జమ్మలమడుగు మగ్గాల ఇళ్లలో పడుగుకు ఎన్ని పుంజాలు పట్టాలో, పుంజానికి 120 పోగుల చొప్పున ఎంత నూలు కావాలో నోటిమీదే తేలుతుంది. పులివెందుల దిక్కు చీనీకాయలు అమ్మే రైతు టన్ను ధర ఎంత, సూటు కింద కోసేది పోను చేతికొచ్చేదెంత అని బేరం సాగుతుండగానే లెక్క కట్టుకుంటాడు. ఇలాంటి ఇళ్లనుంచి బడికి వచ్చిన పిల్లలే లెక్కల పేపరు అనగానే గొంతు తడారిపోయి కూర్చుంటారు. ఈ భయానికి మూలం అంకెల కష్టంలోనో, పిల్లల మందబుద్ధిలోనో వెతికితే దొరకదు. దానికో చరిత్ర ఉంది. ఒకప్పుడు ఈ సీమ వీధిబడుల్లో అంకె కొలతతో కలిసి ఉండేది, పదిమంది గొంతుల్లో కలిసి పలికేది. ఆ పక్కనే దండన కూడా ఉండేది. తర్వాత వచ్చిన బడి కొలతను విడదీసింది, సామూహిక వల్లెవేతను పాతకాలపు పద్ధతి అని పక్కన పెట్టింది. నలుగురిలో తలవంపు మాత్రం అలాగే నిలబడిపోయింది. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట ఇదే.

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. కడప, బళ్లారి ప్రాంతాల్లో పొలం పొలమూ కొలిపించి రైతువారీ శిస్తు కట్టించింది ఆయనే. మద్రాసు గవర్నరైన తర్వాత 1822లో, రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తంలో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ వివరాలు అడిగాడు. వచ్చిన జవాబుల్లో బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికకు సాటి లేదు. 1816లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేసిన మనిషి కనుక బడి లోపల జరిగేది వినగలిగాడు, అర్థం చేసుకోగలిగాడు. అనంతపురం జిల్లా 1882లో విడిపోకముందటి పెద్ద బళ్లారి జిల్లా అది. కడపకు పొరుగు, ఒకే పాలన కింద నడిచిన సీమ. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నట్టు ఆయన లెక్క. తెలుగు బడులు 226. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో ఆనాటి పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో ఊహించడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నా ఎరికలో లేదు.

కాంప్‌బెల్ చెప్పిన క్రమం ఇది. పిల్లవాడు ముందు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. తర్వాత పలక మీదికి వస్తాడు, లేదా కడితం మీదికి. పలక అంటే అన్నం, బొగ్గుపొడి కలిపి పూసిన చెక్క. కడితం అంటే గంజి పెట్టి బిగువు చేసిన గుడ్డను పుస్తకంలా మడతలు వేసి బొగ్గు, జిగుర్లు పట్టించింది. అక్షరాలు వచ్చాక నూరు దాకా లెక్కించడం, కూడిక పట్టిక కంఠస్థం చేయడం, డబ్బుల కూడికలూ తీసివేతలూ, ఆపైన గుణకారం, కొలతలను ఒకదానినుంచి ఒకదానిలోకి మార్చడం. భిన్నాల దగ్గర మాత్రం అయివార్లు ఎక్కడా లేనంత శ్రద్ధ పెట్టేవారని ఆయన ప్రత్యేకంగా రాశాడు. ఆ భిన్నాలు పదులుగా కాక నాలుగులుగా దిగేవి. ఒకటిలో నాలుగోవంతు కాలు, కాలులో నాలుగోవంతు వీసం, వీసంలో నాలుగోవంతు కాని. అవి, ఎక్కాలు, ధాన్యం కొలత, తూకం, నేల కొలత అన్నీ నోటికి వచ్చేలా పిల్లలను రోజుకు రెండుసార్లు వరసల్లో నిలబెట్టి, ముందు ఒక పెద్ద పిల్లవాడు చెబుతుంటే అందరిచేతా అనిపించేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో 1789 తర్వాత ఆండ్రూ బెల్ మొదలుపెట్టి, ఇంగ్లండుకు మద్రాసు పద్ధతి పేరుతో తీసుకెళ్లినది దీన్నే.

నాలుగులుగా దిగే ఆ భిన్నాల దగ్గర ఇంకాస్త ఆగాలి. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు. అంటే వీసం అన్న భిన్నం రూపాయిలో అణాతో సమానం, కాని అన్న భిన్నం కాని అన్న నాణెంతో సమానం. పావులో పావు ఎంత అని అడిగితే పిల్లవాడు హారాలను గుణించే పని లేకుండా వీసం అనేవాడు, ఎందుకంటే పావలాలో పావు అణా అని అతని చేతికి తెలుసు. తెలుగు చిట్టా ఆవర్జాల్లో ఈ నాలుగో వంతులను రాయడానికి వేరే గుర్తులే ఉండేవి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి, 1962 నాటికి తూకాలూ కొలతలూ మెట్రిక్ పద్ధతిలోకి మారాయి. ఆ మార్పు అవసరమే, దేశమంతటికీ ఒకే కొలత మేలే చేసింది. అయితే బడిలో భిన్నం అప్పటినుంచి ఏ నాణేనికీ, ఏ గిద్దెకూ, ఏ తూకపురాయికీ అంటకుండా పుస్తకంలో గీతకు పైనా కిందా ఉండే రెండు అంకెలుగా మిగిలింది. ఇవాళ చాలామంది పిల్లలకు లెక్కలమీద మొదటిసారి విరక్తి పుట్టేది ఈ భిన్నాల పాఠం దగ్గరే. ఇంతకన్నా పాత సంప్రదాయమూ మనకు ఉంది. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో వేర్వేరు వన్నెల బంగారం కలిపి కరిగిస్తే వచ్చే వన్నె ఎంత అన్న లెక్కలకు ఒక భాగమే ఉంది. ప్రొద్దుటూరు కంసాలి పట్టెడ దగ్గర అడిగే ప్రశ్నే అది.

ఇంతవరకూ చెప్పి ఆపితే వీధిబడిని స్వర్గం చేసినట్టవుతుంది. ఆ బడికి రెండో ముఖం ఉంది, దాన్నీ కాంప్‌బెల్ దాచలేదు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిగా కూర్చున్నవాడిని బెత్తంతో కొట్టడం, రెండు చేతులూ తాడుకు కట్టి దూలానికి వేలాడదీయడం, ఆగకుండా గుంజీళ్లు తీయించడం ఉండేవి. వేలాడదీసే శిక్షను మన పెద్దలు కోదండం అన్నారు. ఆ పేరు వింటేనే పిల్లలు ఇళ్లలో దాక్కునే రోజులు చాలాకాలం నడిచాయి. ఆ దండన తప్పే, అందులో రెండో మాటకు తావులేదు. కానీ కాంప్‌బెల్ చెప్పిన శిక్షలు దేనికి పడ్డాయో గమనించాలి. ఆలస్యానికి పడ్డాయి, పనిదొంగతనానికి పడ్డాయి. లెక్క మాత్రం వరసలో నిలబడి అందరితో కలిసి చెప్పేది. తడబడిన గొంతు పదిమంది గొంతుల కింద దాక్కుని, మర్నాటికి సర్దుకునే వీలుండేది.

ఆ వీలు తర్వాతి కాలంలో పోయింది. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు రాజధానిలో బడికిచ్చే గ్రాంటును పిల్లల పరీక్ష ఫలితాలతో ముడిపెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవాడిని నిలబెట్టి చదివించి, రాయించి, లెక్క చేయించేవాడు. వాడు తప్పితే అయివారి రాబడి తగ్గేది. పిల్లవాడి తప్పు మొదటిసారిగా పెద్దవాడి కూడుకు ఎసరు పెట్టింది. అయివారి భయం పిల్లలకు దిగడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. 1911లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష మొదలయ్యాక లెక్కలు ఉద్యోగపు గుమ్మం దగ్గర నిలిచాయి. ఇప్పటి పదో తరగతిలో హిందీకి 20 మార్కులు వస్తే చాలు, లెక్కలకు 35 రావాలి. పల్లె పిల్లల కోసం 2008లో ఇడుపులపాయలో పెట్టిన ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చేదీ రానిదీ పదో తరగతి మార్కులే తేలుస్తాయి. పులివెందుల చుట్టుపక్కల ఇళ్లలో ఆ సీటు అంటే కుటుంబం గతి మారడమే. ఈ లోపల ఎక్కాల గోల తరగతిలో తగ్గిపోయింది. పిల్లవాడిని ఒంటరిగా బోర్డు దగ్గరికి పిలిచి, వెనక నలభైమంది చూస్తుండగా లెక్క చేయమనడం మిగిలింది. విద్యాహక్కు చట్టం 2009లో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం తగ్గింది. బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయిన పిల్లను చూసి తరగతి నవ్వితే ఆ నవ్వును ఏ చట్టం ఆపగలదు?

భయానికీ మార్కులకూ ఉన్న సంబంధాన్ని శాస్త్రం పట్టించుకోవడం ఈమధ్యనే. అమెరికాలో మేరీ ఫైడ్స్ గాఫ్ అనే ఉపాధ్యాయురాలు 1954లో గణితభయం మీద రాసింది. రిచర్డ్‌సన్, స్విన్ 1972లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. అసలు పట్టు 2001లో ఆష్‌క్రాఫ్ట్, కర్క్ చేసిన ప్రయోగాల్లో దొరికింది. 23కు 14 కలపమంటే భయం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పెద్ద తేడా రాదు. 27కు 18 కలపాలంటే మాత్రం ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదు రాసి ఒకటి చేతిలో పెట్టుకోవాలి. ఆ చేతిలోని ఒకటి నిజానికి చేతిలో ఉండదు, మనసు అంచున క్షణం నిలుస్తుంది. దాంతోపాటు కొన్ని అక్షరాలు కూడా గుర్తుంచుకోమన్నప్పుడు భయం ఉన్నవాళ్లు ఎక్కువగా తప్పారు. తప్పుతానేమో, నవ్వుతారేమో అన్న ఆలోచనలు ఆ అంచునే ఆక్రమించి, చేతిలోని ఒకటిని కిందికి తోసేస్తాయి. లెక్క తెలియక తప్పడం వేరు, తెలిసిన లెక్కకు మనసులో చోటు చాలక తప్పడం వేరు. వీధిబడి వల్లెవేతకు విలువ ఇక్కడే తెలుస్తుంది. ఏడెనిమిదులు యాభై ఆరు అని ఆలోచించకుండా నోటికి వచ్చిన పిల్లకు అంచున చోటు మిగులుతుంది. వల్లెవేత బుద్ధిని చంపుతుందన్న మాట పద్యాల విషయంలో కాంప్‌బెలే అన్నాడు, అర్థం తెలియని పద్యాన్ని పిల్లలు చిలకల్లా అప్పజెబుతున్నారని. పద్యానికి అది సరైన విమర్శే. ఎక్కానికి వర్తించదు, ఎందుకంటే ఎక్కం మరో పనికి పనిముట్టు.

ఇక్కడ ఉపాధ్యాయులు అడిగే మాట ఒకటి ఉంది. చదవనివాడికి భయం వస్తుంది గానీ, భయంవల్ల చదువు పోవడమేమిటి? దీన్ని కొట్టిపారేయలేం. మా, షూ అనే పరిశోధకులు అమెరికా విద్యార్థులను ఏడో తరగతినుంచి పన్నెండు దాకా వెంబడించి 2004లో తేల్చింది కూడా ముందటేడు మార్కులు తగ్గితే తర్వాతి ఏడు భయం పెరుగుతుందనే. తిరుగుదిశలో ప్రభావం చాలా తక్కువ. అయితే హెంబ్రీ 1990లో 151 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అదనంగా లెక్కలు నేర్పకుండా భయాన్ని మాత్రమే తగ్గించిన చోట కూడా మార్కులు లేచాయి. రెండూ కలిపి చదివితే అర్థమయ్యేది, వెనకబాటు భయాన్ని పుట్టిస్తుంది, పుట్టిన భయం వెనకబాటును ముదరబెడుతుంది. 2024 ఏసర్ సర్వేలో గ్రామీణ భారతంలో 8వ తరగతి పిల్లల్లో సగంకన్నా తక్కువమందే భాగహారం చేయగలిగారు. భాగహారం రాకుండా పదికి పోయిన పిల్లకు త్రికోణమితి ఎదురైనప్పుడు కలిగే భయం అన్యాయమైనది కాదు, ఆ భయానికి కారణముంది. ధైర్యం చెబితే అది పోదు, భాగహారం నేర్పాలి. కానీ భయపడుతున్న పిల్లకు భాగహారం నేర్పడానికి మొదట ఆమెను నలుగురిలో నిలబెట్టడం మానాలి.

బజారులో లెక్క వచ్చినవాడికి బడిలో రాకపోవడం భయంవల్లే అని నేను అనేస్తే, దానికి అడ్డుపడే సాక్ష్యం కూడా ఉంది. బెనర్జీ, డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో సరుకులమ్మే పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ప్రచురించారు. అమ్మకం దగ్గర కష్టమైన లెక్కలు నోటితో సరిగ్గా చేసిన పిల్లలు అవే లెక్కలను బడి రూపంలో అడిగితే తడబడ్డారు. బడిలో రాణించే పిల్లలు సంత లెక్కల్లో తడబడ్డారు. ఒత్తిడి తగ్గించినా ఆ తేడా పోలేదని పరిశోధకులే స్పష్టం చేశారు. కాబట్టి చీలికకు భయం మూలం కాదని ఒప్పుకుంటాను. రెండు లెక్కలు రెండు లోకాలై విడిపోవడమే మూలం. పావలాలో పావు అణా అన్న వంతెన కూలాక ఈ విడిపోవడం ఖాయమైంది. భయం ఆ తర్వాతి అంచె: అంగట్లో సమర్థుడనిపించుకున్న పిల్లవాడిని బడి మొద్దు అన్నప్పుడు, వాడికి బడి లెక్క తనది కాని లోకంలా అనిపించడం మొదలవుతుంది. తరుగు పది శాతం అని అంగట్లో విన్న పిల్లవాడికి ఏడో తరగతి శాతాల పాఠంలో ఆ తరుగు కనిపించాలి. కానీ పాఠంలోని లాభనష్టాల్లో పేరులేని వ్యాపారి ఎవరో పేరులేని వస్తువును కొని అమ్ముతూ ఉంటాడు.

భయం ఉంటేనే చదువుతారు, ర్యాంకులు తెచ్చే హాస్టళ్లు నడిచేది భయంతోనే కదా అన్నది మన జిల్లాలో బలంగా వినిపించే వాదన. జపాన్, కొరియా పిల్లలకు గణితభయం ఎక్కువ, మార్కులూ ఎక్కువే అన్నది నిజమే, 2012 పీసా అంతర్జాతీయ సర్వేలో అది కనిపించింది. మన దేశం అందులో పాల్గొనలేదు. కానీ అదే సర్వేలో దాదాపు ఏ దేశం లోపల చూసినా భయం ఎక్కువున్న పిల్లల మార్కులే తక్కువ. సగటున తేడా 34 పాయింట్లు, దాదాపు ఒక ఏడాది చదువుకు సమానం. మంచి బడి, మంచి పాఠం ఉన్న దేశం భయం ఉన్నా ముందుంటుంది. భయం దాన్ని ముందుకు తీసుకురాలేదు. హాస్టల్లో ర్యాంకు తెచ్చుకున్నవాడు కనిపిస్తాడు. లెక్కలంటే చాలని ఇంటర్లో వేరే గ్రూపు తీసుకుని తప్పుకున్నవాళ్లు మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించరు.

వీధిబడిని కొనియాడేవారు మరవకూడని అంకెలు కాంప్‌బెల్ నివేదికలోనే ఉన్నాయి. ఆయన లెక్కలో వెయ్యిమందికి ఏడుగురు కూడా బడిలో లేరు, 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి ఇక్కడి నేతను దెబ్బతీయడంతో తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పిస్తున్నారని ఆయనే బాధపడ్డాడు. అంటే ఇవాళ జమ్మలమడుగు నేత ఇంటి ఆడపిల్ల లెక్కల తరగతిలో కూర్చుంటే, ఆమె వెనక బడి లెక్కతో చనువున్న తరాలు లేవు. బెయ్‌లాక్ బృందం 2010లో అమెరికా చిన్న తరగతుల్లో గమనించినదాని ప్రకారం, లెక్కలంటే తనకే భయమున్న టీచరమ్మ దగ్గర ఏడాది చదివిన ఆడపిల్లల్లో లెక్కలు మగపిల్లలవే అన్న నమ్మకం బలపడింది, ఆ నమ్మకం పట్టినవారికి మార్కులు తగ్గాయి. భయం మాటలతో అవసరం లేకుండానే పెద్దలనుంచి పిల్లలకు దిగుతుంది. గ్రాంటు పోతుందని వణికిన అయివారి నుంచి, రిజల్టు శాతం పడిపోతుందని వణికే నేటి హెడ్‌మాస్టరు దాకా ఆ దిగుడు ఆగలేదు. అందుకే మందు కూడా పిల్లలకన్నా ముందు పెద్దలకు పడాలి. లెక్కల శిక్షణా తరగతుల్లో పాఠం ఎలా చెప్పాలన్నదానికి ఇచ్చే సమయంలో కొంత, చెప్పేవారి సొంత భయాలకు ఇవ్వాలి.

మరి పరీక్షలు ఎత్తేయాలా? అక్కర్లేదు. పరీక్ష లేకపోతే పల్లె పిల్లకు ఇడుపులపాయ దారి కూడా ఉండదు. చేయదగినవి చిన్నవి, ఖర్చు లేనివి. కింది తరగతుల్లో ఎక్కాలు, భిన్నాలు మళ్లీ కలిసికట్టుగా, రోజుకు రెండుసార్లు, పేరు పెట్టి ఎవరినీ లేపకుండా చెప్పించవచ్చు. బోర్డు దగ్గరికి ఒకరిని కాక ఇద్దరిని పిలవవచ్చు, పెద్ద పిల్లలను చిన్నవాళ్లకు తోడు కూర్చోబెట్టవచ్చు. అది ఈ సీమ నేర్పిన పద్ధతే. పదో తరగతి పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి పావుగంట అదనంగా ఇస్తున్నారు, అది మంచి పని. రామిరెజ్, బెయ్‌లాక్ 2011లో చూపిన ఇంకొకటి ఉంది. పరీక్షకు ముందు పది నిమిషాలు తన మనసులోని బెంగను కాగితం మీద రాసుకున్న 9వ తరగతి పిల్లల్లో, భయం ఎక్కువున్నవారికి మార్కులు పెరిగాయి. ప్రొద్దుటూరు పరీక్షా కేంద్రాల బయట లెక్కల పేపరు రోజు పొద్దున ఎనిమిదిన్నరకే గైడు తిరగేస్తూ, సూత్రాలు గొణుక్కుంటూ నిలబడే పిల్లల చేతికి ఆ పది నిమిషాలకు ఒక తెల్లకాగితం ఇచ్చి చూడటానికి ఏ జీవో అవసరం లేదు.